యుద్ధ విమానం రెక్కల కింద ఏముంటుంది? గోదావరి జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను వైమానిక దళంలో ఇరవై ఏళ్లు ఆర్మమెంట్ ఫిట్టరుగా పనిచేశాను. విమానం నడిపినవాణ్ని కాదు. దానికి బాంబులు, గుళ్లు, క్షిపణులు ఎక్కించి, దించినవాణ్ని. మొదట మిగ్-21, తర్వాత జాగ్వార్. ఇప్పుడు అమలాపురం దగ్గర మా ఊళ్లో కొబ్బరితోట చూసుకుంటున్నాను. ఆకాశంలో కాస్త గట్టిగా చప్పుడైతే చాలు, ఎవరో ఒకరు మా అరుగు మీదికి వచ్చి అడుగుతారు. 2025 మేలో పాకిస్తాన్‌తో జరిగిన ఘర్షణ తర్వాత అడిగేవాళ్లు మరీ ఎక్కువయ్యారు. చెప్పిందే చెప్పే బదులు ఒకచోట రాసి పెడదామని ఇది మొదలుపెట్టాను. ప్రశ్నలు వాళ్లు అడిగిన మాటల్లోనే ఉంచాను.

తాతయ్యా, మిలట్రీ విమానాలన్నీ యుద్ధ విమానాలేనా?

కాదమ్మా. సైన్యం దగ్గర సరుకులు మోసేవి, మనుషుల్ని దించేవి, పైలట్లకు శిక్షణ ఇచ్చేవి, గాల్లోనే ఇంకో విమానానికి ఇంధనం పోసేవి కూడా ఉంటాయి. ఆయుధం మోసి ప్రయోగించడానికే తయారైన దాన్ని యుద్ధ విమానం అంటాం. వాటిలో గాల్లో శత్రు విమానంతో తలపడేది ఫైటర్, నేల మీద లక్ష్యాలను కొట్టేది ఎటాక్ విమానం, బోలెడు బాంబులు మోసుకుని చాలా దూరం వెళ్లేది బాంబర్. సుఖోయ్-30, రఫేల్, తేజస్ లాంటివి పొద్దున ఒక పని, సాయంత్రం ఇంకో పని చేయగలవు. పొద్దుటికీ సాయంత్రానికీ మారేది రెక్కల కింద వేలాడే సరంజామా.

మన తోటల మీద తెల్లగా గీత గీసుకుంటూ పోయేది ఫైటర్ జెట్టేనా?

నూటికి తొంభై తొమ్మిది సార్లు అది ప్రయాణికుల విమానం. చెన్నై, కోల్‌కతాల మధ్య తిరిగేవి మన తీరం వెంబడే పోతాయి. ఇంజను వదిలే పొగలోని నీటి ఆవిరి పదివేల మీటర్ల ఎత్తులో చలికి మంచు రవ్వలై తెల్ల గీతలా కనిపిస్తుంది. ఫైటర్ అయినా సరే, అంత ఎత్తులో పోతే అలాంటి గీతే వదులుతుంది కాబట్టి గీతను బట్టి ఏదీ తేల్చలేం.

రెక్కల కింద ఎంత బరువు కట్టొచ్చు?

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. మన వైమానిక దళంలో ఎక్కువ సంఖ్యలో ఉన్న సుఖోయ్-30 ఎంకేఐ ఎనిమిది టన్నుల దాకా ఆయుధాలు మోస్తుంది. మన లెక్కలో బస్తా 75 కిలోలు కదా, అంటే నూట ఆరు బస్తాల ధాన్యం. అంత బరువును గంటకు రెండు వేల కిలోమీటర్లకు పైగా వెళ్లగల యంత్రానికి కడుతున్నామన్నమాట. ఎంత బరువు కడితే అంత వేగం తగ్గుతుంది, వెళ్లగల దూరం తగ్గుతుంది, మలుపు బరువెక్కుతుంది. బొమ్మల్లో చూపించినట్టు అన్ని కొక్కేలకూ అన్నీ తగిలించుకుని వెళ్లడం చాలా అరుదు.

ఆయుధం తగిలించే చోటును హార్డ్‌పాయింట్ అంటారు. రెక్క లోపలి దూలానికి నేరుగా బలం వెళ్లేలా కట్టిన చోటు అది. దానికి పైలాన్ అనే కమ్మీ బిగిస్తారు, పైలాన్‌కి ఆయుధం తగులుతుంది. సుఖోయ్‌కి ఇవి 12, తేజస్‌కి 8. కొన్నింటికి బాంబు బదులు అదనపు ఇంధనం ట్యాంకు తగిలిస్తారు. దూరం కావాలా, దెబ్బ కావాలా అన్న బేరం ప్రతిసారీ ఉంటుంది.

ఇక బరువు సమానంగా ఉండాలి. కావడి మోసేవాణ్ని చూడండి. రెండు కుండల్లో నీళ్లు సమంగా ఉంటే పరుగెత్తుతాడు, ఒక కుండ ఖాళీ అయితే భుజం జరుపుకుంటాడు. విమానమూ అంతే. ఎడమ రెక్క కింద బాంబు వదిలేసి కుడి రెక్కది అలాగే ఉంటే ఒక పక్కకి లాగుతుంది. ఎంత తేడా దాకా తట్టుకుంటుందో ప్రతి విమానానికీ రాసిన హద్దు ఉంటుంది. ఏది ముందు వదలాలి, ఏది తర్వాత అన్నది నేల మీదే నిర్ణయమైపోతుంది.

ఒకటి చెబితే చాలామంది నమ్మరు. జాగ్వార్‌కి గాల్లోని శత్రు విమానాల మీద ప్రయోగించే క్షిపణులు రెక్క పైన ఉంటాయి. మా అల్లుడు ఫొటో చూసి "మావయ్యగారూ, ఇది తిరగేసి అతికించారా?" అని అడిగాడు. కింద చోటంతా బాంబులకీ ట్యాంకులకీ వదిలేసి, పైన రెక్క వీపు మీద పట్టాలు బిగించారు. ఎక్కించడం మాత్రం మా నడుములకు తెలుసు.

బాంబు ఎక్కించడం ఎలా ఉంటుంది? క్రేనుతో ఎత్తి తగిలించేయడమేనా?

450 కిలోల బాంబుని ట్రాలీ మీద తెస్తాం. దాని వీపు మీద రెండు ఇనప కడియాలు ఉంటాయి, పైలాన్‌లో రెండు కొక్కేలు ఉంటాయి. యంత్రంతో పైకి లేపినా చివరి రెండు అంగుళాలూ చేతులే. ఒకడు తల దగ్గర, ఒకడు తోక దగ్గర, ఒకడు కింద పడుకుని కడియం వైపు చూస్తూ "కొద్దిగా ముందుకి, ఆగు, ఇటు" అంటుంటే టక్కుమని కొక్కెం మూసుకుంటుంది. ఆ చప్పుడు విన్నాక కూడా నమ్మం, చెయ్యి పెట్టి ఊపి చూస్తాం. తర్వాత బాంబు గాలికి ఊగకుండా రెండు వైపులా మరలు బిగిస్తాం. వదులుగా ఉంటే ఊగుతుంది, మరీ బిగిస్తే సరిగ్గా వదలదు. ఆ బిగువు చేతికి రావడానికి నాకు ఏడాది పట్టింది.

అసలు భయమంతా ఆ తర్వాతే. బాంబు ఊరికే జారిపోదు. వేగంలో విమానం చుట్టూ గాలి ఎలా తిరుగుతుందంటే, వదిలిన వస్తువు మళ్లీ పొట్టకే తగలొచ్చు. అందుకని పైలాన్‌లో చిన్న తూటాలు పెడతారు. పైలట్ మీట నొక్కితే అవి పేలి బాంబుని కిందికి తోస్తాయి. ఆ తూటాలు పెట్టే ముందు తీగల్లో ఎక్కడైనా అనుకోని కరెంటు ఉందేమో మీటరుతో చూస్తాం. ఉంగరాలు, గడియారాలు తీసేస్తాం. విమానాన్ని ఎర్త్ తీగతో నేలకు కలుపుతాం. మాటలు తగ్గిపోతాయి. మే నెల ఎండలో రేకు మీద చెయ్యి పెట్టలేని వేడి, చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు.

ఆయుధానికీ పైలాన్‌కీ పిన్నులు ఉంటాయి. ఒక్కో పిన్నుకి జానెడు ఎర్ర రిబ్బను. "ఎగిరే ముందు తీసేయాలి" అని దాని మీద రాసి ఉంటుంది. పిన్ను ఉన్నంతసేపు ఏ మీట నొక్కినా ఆయుధం కదలదు. విమానం కదిలే ముందు వాటిని తీసి, అన్నీ చేతిలో పట్టుకుని పైలట్‌కి కనపడేలా పైకెత్తి చూపిస్తాం. పైలట్ లెక్కపెట్టుకుని తలూపుతాడు. మేం విమానం కింద ఉన్నంతసేపూ పైలట్ రెండు చేతులూ మాకు కనపడేలా పైకి పెట్టుకుంటాడు, పొరపాటున కూడా ఏదీ తాకకుండా.

అంత పెద్ద బాంబు మోసేటప్పుడు జారి పడితే పేలిపోదా?

లోపలి మందు అంత తేలిగ్గా పేలే రకం కాదు. దాన్ని పేల్చే ఫ్యూజ్ అనే భాగం బాంబు విమానాన్ని విడిచాకే మేల్కొంటుంది. పాతకాలపు ఫ్యూజుల్లో ముందు చిన్న గాలిమర ఉండేది. దానికి కట్టిన తీగ విమానానికే ఉండిపోతుంది. బాంబు కిందికి పోతుంటే తీగ ఊడి, గాలిమర ఇన్ని చుట్లు తిరిగాకే ఫ్యూజ్ సిద్ధమవుతుంది. విమానం సురక్షితంగా దూరం వెళ్లడానికి కావాల్సిన సమయం అందులోనే ఉంది. అయినా జారనివ్వం. జారితే ఆ బాంబుని మళ్లీ వాడరు, పరీక్షకు పంపుతారు.

పైలట్ సరిగ్గా ఊరి మీదికి వచ్చాక బాంబు వదులుతాడా?

అలా వదిలితే ఊరు దాటి ఎక్కడో పడుతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో, మూడు వేల మీటర్ల ఎత్తులో వదిలారనుకోండి. నేలకు చేరడానికి దాదాపు పాతిక సెకన్లు పడుతుంది. ఆ పాతిక సెకన్లూ బాంబు విమానంతో పాటే ముందుకు పోతూ ఉంటుంది. గాలి ఆపే కొద్దిపాటి తేడా పక్కన పెడితే ఆరు కిలోమీటర్లు. మన కోనసీమలో అయితే రెండు మూడు ఊళ్లు, ఒక కాలవ దాటేస్తుంది. ఈ లెక్కంతా ఇప్పుడు కంప్యూటర్ చేస్తుంది. లేజర్ బాంబు అయితే లక్ష్యం మీద పడిన లేజర్ చుక్కని చూసుకుంటూ తన చిన్న రెక్కలు తిప్పుకుంటుంది. 1999 కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ మీద మిరాజ్-2000లు వేసినవి అలాంటివే.

మిస్సైలుకి శత్రు విమానం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

రెండు దారులు. దగ్గరి పోరాటానికి వాడేది వేడిని వెతుక్కుంటూ పోతుంది. దాని ముక్కులో ఉన్న కన్ను శత్రు ఇంజను వేడిని చూస్తుంది. సుఖోయ్ మోసే ఆర్-73 అలాంటిది. ఎదుటివాడు దాన్ని మోసం చేయడానికి మతాబుల్లాంటి మంటలు వదులుతాడు. వైమానిక దళం ప్రదర్శనల్లో, టీవీలో చూసే నిప్పు పూలు అవే, అందం కోసం పుట్టినవి కావు. రెండోది రాడార్ మీద ఆధారపడేది, వంద కిలోమీటర్ల అవతల ఉన్నవాణ్ని కూడా వెతుక్కుంటూ వెళ్తుంది. మన సొంత అస్త్ర క్షిపణి ఆ కోవలోది. దాన్ని రూపొందించింది హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్, తయారు చేసేది భారత్ డైనమిక్స్. మన గోదావరి పిల్లలు ఇంజనీరింగ్ చదివి ఎటు వెళ్లాలో తోచనప్పుడు ఈ పేర్లు కూడా చెవిన వేసుకోవాలని నా కోరిక.

మిస్సైళ్లు ఉండగా తుపాకీ ఎందుకు?

దగ్గరికి వచ్చేసినవాడి మీద, చివరి గడియలో, వేరే దారి లేనప్పుడు. సుఖోయ్ ఫిరంగి 30 మిల్లీమీటర్లది, గుళ్లు 150. నిమిషానికి పదిహేను వందల పైచిలుకు వేగంతో కాలుస్తుంది కాబట్టి మీట అలాగే నొక్కి పట్టుకుంటే ఆరు సెకన్లలోపే ఖాళీ. పైలట్లు అర సెకను, సెకను చొప్పున కాలుస్తారు. గుళ్ల దండ ఎక్కించేటప్పుడు ఒక్క గుండు వంకరగా కూర్చున్నా మొత్తం ఆగిపోతుంది. అందుకని వేళ్లతో తడుముతూ ఒక్కొక్కటీ చూసేవాళ్లం, మా అమ్మ పప్పులో రాళ్లు ఏరినట్టు.

కాకినాడ మీద నిజంగా బాంబులు పడ్డాయా, లేక పెద్దవాళ్ల కట్టుకథా?

పడ్డాయి. 1942 ఏప్రిల్ 6, సోమవారం. జపాన్ నౌకాదళంలో ఓజావా నాయకత్వంలోని ఒక దండు బంగాళాఖాతంలోకి వచ్చింది. అందులో ర్యుజో అనే చిన్న విమానవాహక నౌక ఉంది. దాని మీద నుంచి లేచిన విమానాలు అదే రోజున విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ముందు రోజు ఆదివారం, ఈస్టర్ పండగ నాడు, నగుమో నాయకత్వంలోని పెద్ద దండు కొలంబో మీద పడింది. ఏప్రిల్ 9న అదే లంకలోని ట్రింకోమలీ రేవు. ఆ కొద్ది రోజుల్లో ఓజావా దండు ఒక్కటే మన సముద్రంలో ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచేసింది. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్లకు తరలిపోయాయి.

ర్యుజో మోసిన బాంబర్ పేరు నకజిమా బీ5ఎన్. ముగ్గురు మనుషులు, ఒకే ఇంజను, 800 కిలోల దాకా బాంబులో, లేదా ఒక టార్పెడోనో మోసేది. ఇవాళ్టి లెక్కలో అది ఏపాటిది? పదిన్నర బస్తాలు. కానీ ఎదురు వెళ్లడానికి చెప్పుకోదగ్గ యుద్ధ విమానాలు ఆ రోజు ఈ తీరంలో లేవు. అలాంటప్పుడు పదిన్నర బస్తాలే చాలు.

మా నాయనమ్మ అప్పటికి కొత్త కోడలు, కాకినాడ జగన్నాథపురంలో ఉండేది. వేసంకాలం, పెరట్లో మంచం మీద తెల్ల పంచె పరిచి వడియాలు పెట్టిందట. చప్పుడు విని అందరూ బయటికి వచ్చి తలెత్తి చూశారు. పారిపోవాలని ఎవరికీ తెలియలేదు, అంతకుముందు విమానం చూసినవాళ్లే తక్కువ. ఆ సాయంత్రం ఇంటికి తాళం వేసి కాలవ దారిన పడవ మీద ధవళేశ్వరం వైపు వెళ్లిపోయారు. పదిహేను రోజులకి తిరిగొస్తే వడియాలు అలాగే పంచెకు అంటుకుని ఉన్నాయట. ఆ మాట చెప్పినప్పుడల్లా చేత్తో ఇలా గీకి చూపించేది.

ఆ ర్యుజో అదే ఏడాది ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర అమెరికా విమానాల దెబ్బకి మునిగిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత, 1971 డిసెంబరు 4న, ఇదే బంగాళాఖాతంలో మన విమానవాహక నౌక విక్రాంత్ మీద నుంచి సీ హాక్ విమానాలు లేచి ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ మీద బాంబులు వేశాయి.

ఒక్కోసారి ఆకాశంలో ఫిరంగి పేలినట్టు ఢామ్మంటుంది. బాంబా?

విమానం ధ్వని వేగం దాటి పోతున్నప్పుడు దాని ముందు నొక్కుకుపోయిన గాలి అలగా మారి నేలకు చేరుతుంది. ఆ అల మన మీదుగా పోయినప్పుడు ఢామ్మని, తరచు రెండుసార్లు వెంటవెంటనే వినిపిస్తుంది. నేల దగ్గర ధ్వని వేగం గంటకు సుమారు 1,235 కిలోమీటర్లు. సాధారణంగా ఊళ్ల మీద ఆ వేగంతో వెళ్లరు, సముద్రం మీదే చేస్తారు. చప్పుడు వచ్చిన దిక్కు చూస్తే విమానం కనపడదు, అది ఎప్పుడో ముందుకు పోయి ఉంటుంది. కాకినాడ నుంచి నరసాపురానికి నేరుగా ఎనభై కిలోమీటర్ల చిల్లర. గంటకు 900 వేగంతో వెళ్లే జెట్‌కి అయిదారు నిమిషాలు.

మాది ఉప్పాడ. వేటకెళ్లొద్దని అప్పుడప్పుడు చెబుతారు బాబుగారూ, ఎందుకు?

క్షిపణి పరీక్షలకీ, నౌకాదళం కాల్పుల అభ్యాసాలకీ సముద్రంలో కొంత మేర ఖాళీ చేయిస్తారు. విమానం నుంచి వదిలే బ్రహ్మోస్‌ని మొదటిసారి 2017 నవంబరు 22న సుఖోయ్ మీద నుంచి బంగాళాఖాతంలోనే పరీక్షించారు. రెండున్నర టన్నుల ఒక్క క్షిపణి, పొట్ట కింద. దాన్ని మోసే స్క్వాడ్రన్ 2020 నుంచి తంజావూరులో ఉంది. పొమ్మన్నప్పుడు పోవద్దు. ఒక రోజు వేట పోతే కడుపు మండుతుందని నాకు తెలుసు, అయినా పోవద్దు.

వలలో గానీ ఒడ్డున గానీ రంగు వేసిన గొట్టమో, చిన్న విమానంలాంటి వస్తువో దొరికితే ముట్టుకోకండి. గురి చూసి కొట్టడానికి ఎగరేసే లక్ష్య విమానాలు కొన్నిసార్లు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ఖాళీదే కావచ్చు, లోపల మందు మిగిలి ఉండొచ్చు. పాత ఇనుముకి అమ్ముదామని సుత్తితో కొట్టబోయిన కుర్రాళ్లని నేను ఒకసారి కేకలేసి ఆపాను. కోస్ట్ గార్డు నంబరు 1554, పోలీసులైతే 112.

తీరం మీద తిరిగే పెద్ద విమానం ప్రయాణికులదిలాగే ఉంది, అది కూడా ఆయుధాలు మోస్తుందా?

నౌకాదళపు పీ-8ఐ అయితే మోస్తుంది. బోయింగ్ 737ని మార్చి చేసిందే, అందుకే అలా అనిపిస్తుంది. పొట్టలో టార్పెడోలు, రెక్కల కింద ఓడల్ని కొట్టే హార్పూన్ క్షిపణులు పెట్టుకోగలదు. జలాంతర్గాముల్ని వెతకడం దీని అసలు పని. మన దగ్గర 12 ఉన్నాయి, అరక్కోణంలోని ఐఎన్ఎస్ రజాలీ వీటికి పుట్టిల్లు. నౌకాదళం తన విమాన స్థావరాలకు పక్షుల పేర్లు పెడుతుంది. విశాఖలోని స్థావరం పేరు ఐఎన్ఎస్ డేగా, మన తెలుగు డేగే.

చేలల్లో మందు కొట్టే డ్రోనుకీ, యుద్ధం చేసే డ్రోనుకీ తేడా ఏంటి?

మందు కొట్టేది పది లీటర్లు మోసి పావుగంటలో దిగిపోతుంది. అరక్కోణం నుంచి నౌకాదళం 2020 నుంచి లీజుకు తీసుకుని నడుపుతున్న సీగార్డియన్ రోజంతా గాల్లో ఉండగలదు. ఆ లీజు డ్రోన్లకి ఆయుధాలు లేవు. ఆయుధాలు మోయగల రకం 31 కొనడానికి 2024 అక్టోబరులో ఒప్పందం కుదిరింది.

మా అమ్మాయి ఫైటర్ పైలట్ అవుతానంటోంది సార్. మనలాంటివాళ్లకి కుదిరే పనేనా?

కుదురుతుంది. 2016 జూన్ 18న హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో ముగ్గురు అమ్మాయిలు, అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్, మన దేశంలో మొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా బయటికి వచ్చారు. ఇంటర్ ఎంపీసీ చదివితే ఎన్‌డీఏ (సైనిక అధికారుల అకాడమీ) పరీక్ష రాయొచ్చు, పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల లోపు. ఇప్పుడు ఆడపిల్లలకీ ఆ దారి ఉంది. డిగ్రీ తర్వాత అయితే వైమానిక దళం పెట్టే ఆఫ్‌క్యాట్ పరీక్ష, ఇరవై నుంచి ఇరవై నాలుగు. కోచింగ్ కంటే ముందు కళ్లు పరీక్ష చేయించండి. అయిదేళ్లు చదివించాక ఆ గడప దగ్గర ఆగిపోయిన పిల్లల్ని చూశాను.

సైనిక్ స్కూలు గురించి అడిగేవాళ్లకి ఒక మాట. కోరుకొండ సైనిక్ స్కూలు విజయనగరం జిల్లాలో ఉంది. రాజమండ్రి పక్కన నరసింహస్వామి కొండ ఉన్న కోరుకొండ కాదు. నవ్వకండి, ఒక తండ్రి అప్లికేషను పట్టుకుని స్వామి గుడి దాకా వెళ్లొచ్చాడు.

పైలట్ కాకపోయినా నాలా నేల మీద పనికి అగ్నివీర్ వాయు అనే వైమానిక దళం నియామకాల ద్వారా వెళ్లొచ్చు. ఆ పని తక్కువదని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి.

ఇవన్నీ దగ్గర నుంచి చూడాలంటే?

విశాఖ బీచ్ రోడ్డుకి వెళ్లండి. కురుసుర జలాంతర్గామికి ఎదురుగా టీయూ-142 అనే పాత నౌకాదళ విమానం ఉంది. 29 ఏళ్లు సముద్రం మీద కాపలా కాసి 2017లో విరమించింది, ఆ డిసెంబరులోనే మ్యూజియంగా తెరిచారు. రెక్కలు ఆ చివర నుంచి ఈ చివరకి యాభై మీటర్లు. పిల్లలు ముందు ఇంజన్ల వైపు పరుగెత్తుతారు. ఒక్కో ఇంజనుకి రెండేసి పంకాలు, ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు. మీరు మాత్రం కిందికి వంగి పొట్ట చూడండి. టార్పెడోలు పెట్టే తలుపులు అక్కడే.

కట్టిన ఆయుధాలు వాడకుండా తిరిగొస్తే వాటినేం చేస్తారు?

ఎక్కువసార్లు జరిగేది అదే. విమానం దిగి ఆగగానే మళ్లీ మేమే పరుగెత్తాలి. ముందు పిన్నులు గుచ్చాలి, ఎర్ర రిబ్బన్లు వేలాడాలి. అప్పుడే మిగతావాళ్లు దగ్గరికి వస్తారు. తర్వాత తూటాలు తీయడం, బాంబులు దించడం, లెక్క రాయడం.

ఒక రాత్రి మా లెక్కలో పిన్ను ఒకటి తగ్గింది. పద్నాలుగు ఉండాలి, పదమూడే ఉన్నాయి. పిన్ను ఇంజనులోకి పోయి ఉండొచ్చు, రన్‌వే మీద పడి ఇంకో విమానం చక్రం కిందికి రావొచ్చు. ఆ వరసలోని విమానాలన్నీ ఆపేశారు. టార్చిలైట్లు పట్టుకుని పదిమందిమి నేల మీద మోకాళ్లతో పాకుతూ వెతికాం. తెల్లవారుజామున నాలుగింటికి ట్రాలీ చక్రానికి చుట్టుకుని గ్రీజులో నల్లబడిన రిబ్బను దొరికింది. పిన్ను దానికే ఉంది. మా వారంటాఫీసరు గుడ్డతో తుడిచి, మిగతా పదమూడు పక్కన పెట్టి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టించి, పుస్తకంలో సంతకం పెట్టాక మమ్మల్ని టీకి వదిలాడు.